మెలిక లేని కాగితం

ఆ సోమవారం పొద్దున ఆకాశం మూరె కనుమ మీదికి సగం దాకా దిగి అక్కడే ఆగిపోయింది. మంచు పడేటట్టూ లేదు, ఎండ కాసేటట్టూ లేదు. ఏడింటికి ఒకసారి తూర్పున కాస్త పసుపు కనిపించి మళ్ళీ మూసుకుపోయింది.

నేను జీపు కనుమ మీద ఆపేసరికి తొమ్మిదీ పది. నాకన్నా ముందే రెండు పోలీసు బళ్ళు వచ్చి ఉన్నాయి. పిట్టగోడ దగ్గర నీలం కోటు తొడిగిన గడ్డిబొమ్మ ఒకటి నిలబెట్టారు. బొమ్మ ఎదురుగా నూర్గోల్ గ్రామపెద్ద మో జోంగ్తే, చేతులకు బేడీలతో. పక్కన కెమెరా పట్టుకున్న కానిస్టేబులు. కానిస్టేబులు వెనక తక్ జేమిన్.

తక్ ప్రావిన్సు కేంద్రం నుంచి వచ్చాడు. నాకన్నా పద్దెనిమిదేళ్ళు చిన్న, రెండు హోదాలు పెద్ద. నా పేరు ప్యో దల్సు. కనుమ కింది ఠాణాలో ఇరవై తొమ్మిదేళ్ళుగా డిటెక్టివు పని చేస్తున్నాను.

"తొయ్యి," అంటున్నాడు తక్.

"తొయ్యను," అన్నాడు జోంగ్తే.

"బొమ్మే కదా పెద్దాయనా. ఎలా తోశావో చూపిస్తే చాలు. అందరూ చూపిస్తారు."

"మనిషిని తొయ్యలేదు. ఇప్పుడు బొమ్మని తోస్తే ఫొటోలో తోసినవాణ్ణి అయిపోతా. నా చేతులు మీరు కట్టేశారు గానీ, అవి ఇంకా నావే."

"గంట నుంచి ఇదే పాట," అన్నాడు తక్ నన్ను చూసి. "మీ ఊళ్ళో అందరూ ఇంత మొండివాళ్ళేనా, ప్యో గారూ?"

"కనుమ మీద బతికేవాళ్ళం కదండీ," అన్నాను.

జోంగ్తేని పట్టుకుంది శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి. నలభై ఎనిమిది గంటల్లో వారెంటు అర్జీ కోర్టుకు పోవాలి, పోకపోతే మనిషిని వదిలేయాలి. అంటే ఈరోజు పన్నెండు దాకా తక్‌కి గడువు. అర్జీ వెళ్ళిందంటే జోంగ్తే హంతకుడిగా చెరలోకి పోతాడు. ఆ తర్వాత బయటికి తీయడం నా వల్ల అయ్యే పని కాదు.

చనిపోయినావిడ ప్రొఫెసర్ గుక్ హ్యోసన్. యాభై రెండేళ్ళు. కనుమ కింద సొరంగం తవ్వాలా వద్దా అని తేల్చే ఎనిమిది మందిలో ఒకరు. మిగతా ఏడుగురూ ఒక పూట వచ్చి చూసి వెళ్ళారు. ఈవిడ మూడు రోజులు ఉంది. కనుమ మీద ఒక్కటే ఇల్లు, ఓక్ బోంగ్నే పులుసు హోటలు. దాని వెనక గదిలో దిగింది. బుధవారం ఊరి సమావేశంలో జోంగ్తే లేచి, "వద్దని రాస్తే మీరీ కనుమ దిగరు," అన్నాడు. నలభై మంది విన్నారు. ఎనిమిదేళ్ళ కింద అతని భార్య అంబులెన్సులో ఈ కనుమ మీదే మంచులో ఇరుక్కుని పోయింది. అదీ నలభై మందికీ తెలుసు. శుక్రవారం పొద్దున గుక్ శవం పిట్టగోడ కింద దొరికింది. సాయంత్రానికి సొరంగం వద్దని తేలినట్టు కబురొచ్చింది. గురువారం సాయంత్రం ఐదూ యాభైకి హోటలు నుంచి ఆమె పేరుతో ఫాక్స్‌లో వెళ్ళిన కాగితంలో అందరికన్నా గట్టిగా వద్దని ఉందనీ తెలిసింది.

కట్టినట్టు సరిపోయే కేసు. తక్‌ని తప్పు పట్టను. నేను చూడకపోయి ఉంటే నేనూ అదే అనుకునేవాణ్ణి.

"తక్ సార్, ఒక్క పది నిమిషాలు కిందికి రండి," అన్నాను.

"ఎందుకు?"

"శవం పడిన చోటు మీరు చూడలేదు. ఫొటోలో చూశారు."

పిట్టగోడ పక్క నుంచి కాలిబాట ఉంది. ముందు నేను దిగాను, వెనక తక్ బూట్లు జారుతూ దిగాడు. ఇరవై అడుగుల కింద రాళ్ళ మధ్య ఒక మంచమంత చోటు. చుట్టూ కట్టిన పసుపు తాడు ఇంకా అలాగే ఉంది.

జేబులోంచి ఫొటో తీసి చూపించాను. శుక్రవారం పొద్దున మా వాళ్ళు శవాన్ని ఎత్తినప్పటిది. చుట్టూ మూరెడు మంచు. శవం ఉన్న మేరకు మాత్రం ఎండుటాకులు.

"గురువారం మంచు ఎప్పుడు మొదలైందో చూశారా?" అన్నాను.

"సాయంత్రం."

"నాలుగున్నరకి. ఉప్పు చల్లే లారీ డ్రైవరు పుస్తకంలో టైము వేసి సంతకం పెట్టాడు. మొదటి మంచు రేకు పడగానే రాయకపోతే వాడి ఉద్యోగం పోతుంది. మీరన్నట్టు ఆరు తర్వాత పడి ఉంటే మనిషి కింద గంటన్నర మంచు ఉండాలి. ఈవిడ కింద పొడి ఆకులున్నాయి."

"చెట్టు అడ్డం ఉండి ఉంటుంది."

కోటు గుండీలు పెట్టుకుని ఆ రాళ్ళ మధ్య వెల్లకిలా పడుకున్నాను. మొహానికి సూటిగా ఆకాశం. ఒక్క కొమ్మ లేదు.

"లేవండి ప్యో గారూ. కానిస్టేబుళ్ళు చూస్తున్నారు."

"చూడనివ్వండి. మీరూ పడుకుని చూస్తారా, నా మాట నమ్ముతారా?"

అతను పడుకోలేదు. పైకి మాత్రం చూశాడు. "ఒంటి వేడికి మంచు కరిగి ఉంటుంది," అన్నాడు.

"కరిగితే ఆకులు తడవాలి. తడిస్తే ఆ రాత్రి చలికి గడ్డకట్టి శవం కోటుకి అంటుకుని రావాలి. మా వాళ్ళు ఎత్తినప్పుడు విడివిడిగా రాలాయి. ఎత్తింది ఇద్దరు, ఇద్దర్నీ విడివిడిగా అడిగాను."

"మరి ఐదూ యాభైకి ఆవిడ ఫాక్స్ పంపింది. చచ్చిపోయిన మనిషి పంపిందా?"

"అదే నేనూ అడుగుతున్నా."

తక్ మొహం బిగుసుకుంది. "నా దగ్గర పేరు రాసిన కాగితం ఉంది. టైము అచ్చయి ఉంది. బెదిరించిన మనిషి ఆరూ పదికి ఇక్కడికి బండి వేసుకొచ్చాడని సాక్షి ఉంది. మీ దగ్గర ఆకులున్నాయి. రెండేళ్ళలో రిటైరవుతారు కదా. ఆ రెండేళ్ళూ ఏదైనా లంకలో లైట్‌హౌస్ పక్కన గడపాలని ఉంటే చెప్పండి, రాస్తాను."

"రాయండి. చేపలు బాగుంటాయి," అని పైకి ఎక్కాను.

పదీ ఐదయింది.

*

ఓక్ బోంగ్నే పొయ్యి దగ్గర ఉంది. ఈ చుట్టుపక్కల మా అందరికీ ఆమె అక్క. అరవై నాలుగేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా ఉంటుంది. ఎండుచేప పులుసు పెద్ద డేగిసాలో కాగుతోంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ డేగిసా చల్లారడం నేను చూడలేదు. మంచులో బండి ఆగిపోయిన ప్రతివాడూ ఆ పులుసు తాగే కిందికి దిగాడు. అందులో చాలామంది డబ్బులివ్వలేదు. ఆమె అడగలేదు.

జోంగ్తేని కూడా లోపలికి తెచ్చారు. బయట చలికి అతని పెదాలు నల్లబడ్డాయి. అక్క అతన్ని చూసి మొహం తిప్పుకుంది.

"అక్కా, గురువారం సంగతి ఇంకోసారి చెప్పు," అన్నాను.

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావు దల్సూ? ఐదు దాటాక ఫోనొచ్చింది. ఆవిడే మాట్లాడింది. తర్వాత ఏదో ఫాక్స్ పంపుకుంది. ఆరింటికి గాలి పీల్చుకుంటానని బయటికెళ్ళింది. కాసేపటికి జోంగ్తే బండి వచ్చింది."

"నువ్వేమంటావు?" అని జోంగ్తేని అడిగాను.

"నేను ఆరూ పదికొచ్చా. కిమ్చీ పచ్చడి డబ్బా తెచ్చా, ఆవిడకి క్షమాపణ చెబుదామని. తలుపు దగ్గర అక్క నిలబడి, ఆవిడ పడుకుంది అంది. డబ్బా ఇచ్చి వెళ్ళిపోయా."

"ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు," అన్నాడు తక్.

"అక్క అబద్ధం చెప్పదు," అన్నాడు జోంగ్తే. "కంగారులో మర్చిపోయుంటుంది. నా పెళ్ళాం పోయిన రోజు అంబులెన్సులోకి వేడినీళ్ళు మోసింది ఈవిడే. ఈవిణ్ణి ఏమీ అనకండి."

డేగిసాలో గరిటె ఒక్క క్షణం ఆగి మళ్ళీ తిరిగింది.

నేను రెండు కాగితాలు బల్ల మీద పరిచాను. గురువారం గుక్ పేరుతో వెళ్ళిన రెండు కాగితాలవి, సొరంగం సంగతి తేల్చే రాజధానిలోని మూల్యాంకన సంస్థ నుంచి పొద్దున ఏడింటికి మా ఠాణాకి తెప్పించుకున్న నకళ్ళు.

"తక్ సార్, ఇవి చదివారా?"

"రెండోదే కావలసింది. మొదటిది చెల్లలేదు."

"ఎందుకు చెల్లలేదో తెలుసా?"

"పొసగలేదట. ఏవో లెక్కలు. మనకెందుకు?"

నాకొచ్చిన చదువు ఊరి బడిలో ఎక్కాల వరకే. ఈ కాగితానికి అంతే చాలు. వరసకి రెండు సంగతులు, ఎడమ ఒకటి, కుడి ఒకటి. మధ్యలో అంకెలు. ఏది ఎన్ని రెట్లు ముఖ్యమో అక్కడ సున్నా చుట్టాలి. సొరంగానికి చూసేవి మూడు: పెట్టిన ఖర్చుకి లాభమెంత, ప్రభుత్వ విధానానికి సరిపోతుందా, వెనకబడిన ప్రాంతానికి మేలెంత. మూడింటినీ రెండేసి చొప్పున తూస్తారు. ఇక్కడ బళ్ళు తక్కువ, లాభానికి బరువు పెరిగితే సొరంగం ఓడుతుంది, ప్రాంతానికి పెరిగితే గెలుస్తుంది. అందరి కాగితాలూ కలిపితే సొరంగానికి ఒక మార్కు వస్తుంది. నూటికి యాభై దాటితే తవ్వుతారు.

"మొదటిది చూడండి. గురువారం మూడున్నరకి వచ్చింది. లాభం విధానానికి రెండు రెట్లు. విధానం ప్రాంతానికి రెండు రెట్లు. ఆ లెక్కన లాభం ప్రాంతానికి నాలుగు రెట్లు కావాలి. ఆవిడేం రాసింది? ప్రాంతమే లాభానికి మూడు రెట్లు అని. తిరిగి తిరిగి మొదటికొచ్చింది. మెలిక పడింది."

"అందుకే వెనక్కి పంపారు."

"కింద ఆవిడ చేత్తో రాసింది చూశారా? 'కనుమ చూశాక రాశాను. మెలిక నా మనసులో ఉంది, కాగితంలోనూ ఉండనివ్వండి.' ఇంత గట్టిగా రాసిన మనిషి రెండు గంటల తర్వాత ఏం పంపింది? రెండు, నాలుగు, ఎనిమిది. రెండు నాలుగులు ఎనిమిది. ఒక్క మెలిక లేదు. అంతా కొలబద్ద పెట్టి గీసినట్టుంది. పైగా మొదట్లో సొరంగం కావాలన్న మనిషి రెండోదాంట్లో అసలు వద్దంది."

"మనసు మారి ఉంటుంది. ప్రొఫెసరు, లెక్క తెలిసిన మనిషి, సరిగ్గా దిద్దింది."

"సరే. మీరు ఆకలితో ఉన్నారు కదా. పులుసు ముఖ్యమా, అన్నం ముఖ్యమా?"

"ఏంటిది?"

"చెప్పండి. ఎన్ని రెట్లు?"

తక్ విసుక్కున్నాడు. "ఈ చలికి పులుసే. మూడు రెట్లు."

"అన్నం, కిమ్చీ?"

"అన్నం. రెండు రెట్లు."

నేను కిటికీ దగ్గరికి వెళ్ళి, బయట కానిస్టేబుళ్ళని లోపలికొచ్చి కాళ్ళు కాచుకోమన్నాను. తిరిగొచ్చి, "పులుసు, కిమ్చీ?" అన్నాను.

"కిమ్చీ లేకుండా పులుసు ఎవడు తాగుతాడు? రెండూ సమానం."

"మూడు రెళ్ళు ఆరు కావాలి. మీరు ఒకటన్నారు."

కిటికీ దగ్గర కానిస్టేబులు ఒకడు దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. జోంగ్తేని అడిగాను. అతనూ మూడో ప్రశ్నకి తిరగబడ్డాడు. నేనూ పొద్దున జీపులో నాకు నేను వేసుకుని తప్పాను. మనుషులు ఇలాగే చెబుతారు. ఒక్కో జతా ఎదురైనప్పుడు ఒక్కో ఆకలి.

"అక్కా, నువ్వు చెప్పు. పులుసు, అన్నం?"

"నన్నెందుకు అడగడం? పులుసు మూడు రెట్లు అనుకో."

"అన్నం, కిమ్చీ?"

"రెండు."

నేను పొయ్యిలో కట్టె పెట్టాను. ఈసారి కిమ్చీ ఏ నెలలో వేశారని అడిగాను, నవంబరు అంది. ముల్లంగి ఎక్కడిదన్నాను, కింద చేలోదంది. అప్పుడడిగాను. "పులుసు, కిమ్చీ?"

"ఆరు," అంది.

తడుముకోలేదు. అన్నాక మాత్రం నా మొహంలోకి చూసింది.

"ఆరెందుకు?"

"మూడు రెళ్ళు ఆరు కాదా?"

తక్ గట్టిగా నవ్వాడు. "అయితే ఏమిటి, ఎక్కాలు వచ్చినవాళ్ళందర్నీ అరెస్టు చేద్దామా? ప్యో గారూ, నేనూ ఒక సంగతి చదివాను. ఎనిమిది మార్కుల్లో అన్నిటికన్నా పెద్దదీ అన్నిటికన్నా చిన్నదీ పారేస్తారు. ఇది వాళ్ళ పద్ధతి. ఆవిడ రెండో కాగితానికి వచ్చింది నూటికి పన్నెండు. అన్నిటికన్నా చిన్నది. పారేశారు. లెక్కలోకే రాని కాగితాన్ని ఎవడైనా దొంగగా రాస్తాడా? ఏం లాభం?"

మంచి ప్రశ్న. దానికి నాకు ఠాణాలో అరగంట పట్టింది.

బల్ల మీద గిన్నెలో అక్రోటు కాయలున్నాయి. ఎనిమిది తీసి వరసగా పెట్టాను. "ఇవి మార్కులు. ఇరవై తొమ్మిది, నలభై నాలుగు, నలభై ఏడు, యాభై, యాభై మూడు, యాభై ఆరు, డెబ్బై ఒకటి. ఇవి ఏడుగురివీ. ఎనిమిదోది గుక్ గారిది. మొదటి కాగితానికి అరవై మూడు."

చివరి కాయని యాభై ఆరు పక్కన పెట్టాను. రెండు కొసల కాయలూ తీసేశాను.

"ఇప్పుడు మిగిలిన ఆరూ కలపండి. మూడు వందల పదమూడు. ఆరుతో భాగిస్తే యాభై రెండు దాటుతుంది. సొరంగం తవ్వుతారు."

మళ్ళీ ఎనిమిదీ పేర్చాను. ఈసారి గుక్ కాయని మొదటికి తెచ్చాను.

"ఇది పన్నెండు. దీన్ని పారేశారు, నిజమే. కానీ ఇందాక పారేసిన ఇరవై తొమ్మిది చూడండి, ఇప్పుడు లోపలికొచ్చింది. అరవై మూడు పోయింది. ఆరూ కలిపితే రెండు వందల డెబ్బై తొమ్మిది. నలభై ఆరున్నర. సొరంగం లేదు. చెత్తబుట్టలో పడిన కాగితమే కనుమని గెలిపించింది. రాసినవాళ్ళకి ఈ పద్ధతులు తెలియక్కర్లేదు. వద్దనుకున్నారు, చెయ్యగలిగినంత గట్టిగా వద్దని గీశారు. పని జరిగింది."

తక్ కాయల్ని తనే ఇంకోసారి పేర్చి చూశాడు. తెలివితక్కువవాడు కాదు. తొందర మనిషి. ఆ రెండూ ఒకటి కాదు.

జోంగ్తే మెల్లగా అన్నాడు. "అయితే ఆవిడ... తవ్వమనే రాసిందా?"

"తవ్వమనే రాసింది."

అతను బేడీల చేతులతో మొహం కప్పుకున్నాడు.

*

పదకొండు దాటింది. గల్లాపెట్టె పక్కన ఫోను ఉంది. కనుమ మీద సెల్‌ఫోన్లు పలకవు. మూల్యాంకన సంస్థలో కాగితాలు చూసే అమ్మాయి సోల్ మీరన్‌కి ఫోను చేసి, గది అంతా వినపడే బటన్ నొక్కాను.

"అమ్మా, నేను ప్యోని. పొద్దున నకళ్ళు పంపావు కదా. గురువారం నువ్వు ఇక్కడికి ఫోను చేసింది ఎప్పుడు?"

"ఐదూ ఇరవైకండీ. మొన్నే చెప్పాను కదా, తక్ గారికి."

"ఏం మాట్లాడుకున్నారో చెప్పావా?"

"ఆయన టైము ఒక్కటే అడిగారండీ."

నేను తక్ వంక చూడలేదు. అతను నా వంక చూస్తున్నాడని తెలుసు.

"నేను అడుగుతున్నా. చెప్పమ్మా."

"చెబితే నా ఉద్యోగం పోతుందండీ."

"చెప్పకపోతే ఇక్కడ ఒక మనిషి ఉరికొయ్య దాకా పోతాడు. ఇంకో యాభై నిమిషాలు ఉంది."

ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకోవడం గది అంతటికీ వినిపించింది. "మీ కాగితం పొసగలేదు, తేడాకి హద్దు పదో వంతు, మీది పదింట ఆరొంతులు దాటింది, దిద్ది పంపండి అన్నాను. ఎప్పుడూ ఇలాగే చెబుతాం. కొత్త కాగితం ఫాక్స్ చేశాను. అప్పుడు ఆవిడ... ఏ వైపు గీస్తే ఏది ఎక్కువమ్మా, అని అడిగారు."

"గుక్ గారు ఇలాంటి కాగితాలు ఎన్ని రాసి ఉంటారు?"

"నా చేతుల మీదుగానే నలభై పైన. చలికి అలిసిపోయారనుకున్నాను. గొంతు కూడా బొంగురుగా ఉంది. తర్వాత, పొసగడమంటే ఏంటమ్మా, నాకు అర్థమయ్యేలా చెప్పు అన్నారు. నేను ఉదాహరణ చెప్పాను. మొదటిది రెండోదానికి రెండు రెట్లు, రెండోది మూడోదానికి నాలుగు రెట్లు అనుకోండి, అప్పుడు మొదటిది మూడోదానికి ఎనిమిది రెట్లు కావాలి అని." ఆమె ఏడుపు మొదలుపెట్టింది. "అరగంటలో కాగితం వచ్చింది. నేను చెప్పిన ఉదాహరణే అందులో ఉంది. రెండు, నాలుగు, ఎనిమిది. అంకెలు చెప్పకూడదండీ మేము. తప్పు. చూడగానే వణికిపోయాను. ఎవరికీ చెప్పలేదు. పదకొండేళ్ళలో ఒక్క మెలికా లేని కాగితం నేను చూసింది అదే."

తక్ కుర్చీలోంచి లేచాడు. ఆ ఇంట్లో ఆ రోజు ఆడగొంతులు రెండే. ఒకటి నాలుగున్నరకి ముందే ఆగిపోయింది. ఆ సంగతి అతనికి నేను చెప్పనక్కర్లేకపోయింది.

బోంగ్నే అక్క గరిటె పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని ఫోను దగ్గరికి నడిచి వచ్చింది. నన్ను పక్కకి జరగమన్నట్టు చెయ్యి ఊపింది. జరిగాను.

"అమ్మాయీ," అంది ఫోనులోకి. "నువ్వు బాగా చెప్పావు. నాలాంటిదానికి కూడా ఒక్కసారికే అర్థమైంది. నీ తప్పేమీ లేదు. ఏడవకు."

అవతల ఏడుపు ఆగిపోయింది. "ఆ గొంతే," అంది ఆ అమ్మాయి, చాలా చిన్నగా.

ఫోను నేనే పెట్టేశాను.

"అక్కా," అన్నాడు జోంగ్తే. ఆ ఒక్క మాటే అన్నాడు.

ఆమె అతనికి కాదు, తక్‌కి చెప్పింది. నిలబడే చెప్పింది. "ఆవిడ మంచి మనిషి. మూడు రోజులు నా చేతి తిండి తింది. గురువారం కాగితం ఫాక్స్ చేశాక నాకు చూపించింది. ఇదిగో అక్కా, లాభం, విధానం, ప్రాంతం అని వివరంగా చెప్పింది. నా ఇల్లు ఏ వరసలో ఉందమ్మా అన్నాను. వెతికింది. నిజంగానే వెతికింది. ఏ వరసలోనూ లేదంది. అబద్ధం చెప్పలేదు. సొరంగం వస్తే ఈ దారి మూసేస్తారు, మీరు కిందికి వచ్చేయండి అంది."

"తర్వాత?" అన్నాడు తక్.

"ఆవిడ పిట్టగోడ దగ్గర నిలబడి కనుమ మీద పోయే బళ్ళు లెక్కపెట్టుకుంటుంటే వెళ్ళి మళ్ళీ అడిగాను. ఒక వరస గీసి పెట్టమన్నాను. నా చెయ్యి పట్టుకుని ఓదార్చబోయింది. నాకు ఓదార్పు వద్దు. విదిలించాను." ఆమె ఆగింది. "నాలుగైంది అప్పుడు. మంచు ఇంకా మొదలవలేదు."

"కిందికి దిగి చూశావా?"

"చూశాను. అప్పటికే అయిపోయింది. లోపలికొచ్చి కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. ఫోను మోగింది. దిద్దమన్నారు. దిద్దాను."

"జోంగ్తే మీద పెట్టావు," అన్నాను.

ఆ మాటకి మాత్రం ఆమె తల కొద్దిగా వంగింది. మళ్ళీ ఎత్తింది. "నీ మీదికి పోతుందని ఆ రోజు అనుకోలేదు జోంగ్తే. పోయాక ఆపలేదు. అది నా తప్పు. మిగతాదానికి నేను ఎవర్నీ బతిమాలను. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ కనుమ మీద దీపం పెట్టాను. ఎనిమిది మంది కూర్చుని తూచారు, నన్ను త్రాసులోనే వెయ్యలేదు. అందుకని ఒక్కసారి నేనే తూచాను."

గోడ గడియారంలో పదకొండూ నలభై అయింది. తక్ గదిలో అటూ ఇటూ రెండుసార్లు నడిచాడు. జేబులోంచి తాళం తీసి జోంగ్తే దగ్గరికి వచ్చాడు. బేడీలు విప్పాక ఆ చేతుల వంక చూసి, "తప్పయింది," అన్నాడు. ఆ మాట అతనికి అలవాటు లేదని గొంతే చెప్పింది. తర్వాత బేడీలు పట్టుకుని అక్క వైపు తిరిగాడు.

"ఆగండి," అన్నాను.

"ప్యో గారూ, ఇక ఆగేది ఏముంది?"

"ఇతను శనివారం నుంచి ఏమీ తినలేదు. మీరూ పొద్దున ఐదింటికి బయల్దేరారు. కిందికి గంట దారి. ఆమె ఎక్కడికీ పోదు."

"నిబంధనల ప్రకారం..."

"లైట్‌హౌస్‌కి రాసేటప్పుడు ఇది కూడా కలిపి రాయండి."

తక్ బేడీలు కోటు జేబులో వేసుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

అక్క నాలుగు గిన్నెల్లో పులుసు పోసింది. నాలుగు చిన్న గిన్నెల్లో అన్నం పెట్టింది. కిమ్చీ మధ్యలో పెట్టింది. అది జోంగ్తే గురువారం తెచ్చిన డబ్బాలోదే, ఆమె దాచలేదు, మాకు చెప్పనూ లేదు. తనకి వేరే చోటు లేక జోంగ్తే ఎదురుగా కూర్చుంది.

చెంచా ఎవరూ ముట్టలేదు.

బల్ల దగ్గర అందరికన్నా పెద్దది ఆమె. పెద్దవాళ్ళు చెంచా ఎత్తకుండా మేము ఎత్తము. తక్ చేతులు తొడల మీద పెట్టుకుని కూర్చున్నాడు. నేను గిన్నె వంక చూస్తున్నాను. జోంగ్తే అంత ఆకలిలోనూ చేతులు బల్ల కిందే ఉంచుకున్నాడు. ఆమె అతని వంక చూసింది. అతను తల ఎత్తలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు. ఎదురుచూశాడు.

పులుసు మీద ఆవిరి సన్నబడింది.

అక్క చెంచా ఎత్తింది. ఆ తర్వాత మేమూ ఎత్తాము.